సోయా మైనంలో ఏం కలపాలి, మన ఎండల్లో ఏం కలపకూడదు

ఇంట్లో సోయా కొవ్వొత్తులు పోయడం మొదలుపెట్టిన వాళ్లెవరినైనా కదిలించి చూడండి, మొదటి నెల తిరక్కుండానే చేతిలో ఒక చాంతాడంత లిస్టు తయారై ఉంటుంది. పైన తెల్లగా మరకలొస్తే కొవ్వుల్లోంచి తీసే స్టీరిక్ యాసిడ్ కలపమంటారు. వాసన తేలకపోతే వైబార్ అనే పాలిమర్ పొడి అంటారు. పైభాగం నున్నగా రావాలంటే కొబ్బరినూనె, ఎక్కువసేపు వెలగాలంటే తేనెమైనం, రంగు మారకుండా ఉండాలంటే యూవీ పౌడరు. మైనం కిలో కొంటే కలిపే సరుకు కిలోన్నర అయ్యేట్టుంది. నెల్లూరు, కావలి, ఒంగోలు లాంటి ఊళ్లలో ఇంటి దగ్గరే గ్లాసుల్లో కొవ్వొత్తులు పోసి రిటర్న్ గిఫ్టులకీ దీపావళి బాక్సులకీ ఇచ్చేవాళ్లకి ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. ఎందుకంటే ఆ సలహాల్లో ఒక వంతు పెట్రోలియం నుంచి తీసే పారాఫిన్ మైనం కోసం పుట్టినవి, ఒక వంతు చలిదేశాల్లో పుట్టినవి, మిగతావి మన పూజ గదిలోంచి వచ్చినవి. సోయా మైనానికీ, మే నెల నెల్లూరుకీ కలిపి చెప్పినవి చాలా తక్కువ.

అసలు సోయా మైనం అంటే ఏంటో చూస్తే సగం చిక్కు విడిపోతుంది. కృష్ణపట్నం పోర్టులో దిగి, ఆ పక్కనే రిఫైనరీల్లో శుద్ధయ్యి మన వంటింటికి వస్తుందే, ఆ సోయా నూనే. దానికి హైడ్రోజన్ పట్టిస్తే గట్టిపడుతుంది, డాల్డా పుట్టిన పద్ధతి కూడా ఇదే. 1990లలో అమెరికాలో దీన్ని కొవ్వొత్తులకు వాడటం మొదలుపెట్టారు. అయితే సోయా నూనెకు పూర్తిగా హైడ్రోజన్ పట్టిస్తే వచ్చే ముద్ద 65 డిగ్రీలు దాటితే గానీ కరగదు, పైగా పెళుసు. గ్లాసులో పోస్తే పగుళ్లు పడుతుంది. అందుకని గ్లాసుల్లో పోయడానికి అమ్మే రకాన్ని కావాలనే మెత్తగా ఉంచుతారు, అది 46 నుంచి 50 డిగ్రీల మధ్యలోనే కరిగిపోతుంది. అచ్చుల్లో పోసి విడిగా నిలబెట్టే రకం ఇంకాస్త గట్టిగా, 55 డిగ్రీల అటూఇటూ ఉంటుంది. అంటే మీరు కొన్న ప్యాకెట్ ఏదైనా సరే, అందులో ఎవరో ఒకరు ముందే కొలత చూసి సర్దుబాటు చేసి పెట్టారన్నమాట. కొన్నిట్లో తయారీదారే వేరే మైనాలు, ఇతర దినుసులు కలిపేసి ఉంటాడు. అమ్మేవాణ్ని అడగాల్సిన మొదటి ప్రశ్న రేటు గురించి కాదు, ఇది గ్లాసు రకమా అచ్చు రకమా, ఇందులో ఇప్పటికే ఏమైనా కలిపారా అని. సమాధానం తెలియని షాపులో కొంటే మీరు కలిపే ప్రతిదీ గుడ్డి లెక్కే.

ఇప్పుడు స్టీరిక్ యాసిడ్ సంగతి. కొవ్వొత్తుల చరిత్రలో దీనికి పెద్ద పీటే ఉంది. 1825లో ఫ్రాన్సులో షెవ్రల్, గే-లుసాక్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు జంతువుల కొవ్వులోంచి ఇలాంటి ఆమ్లాలను విడదీసి కొవ్వొత్తులు చేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు. అప్పటిదాకా మెత్తగా, కంపు కొడుతూ, పొగ కక్కే కొవ్వొత్తి కాస్తా గట్టిగా తెల్లగా అయింది. తర్వాత పెట్రోలియం నుంచి పారాఫిన్ వచ్చినప్పుడు దాన్ని గట్టిపరచడానికీ, అద్దంలా కనిపించకుండా తెల్లగా చేయడానికీ, అచ్చులోంచి తేలిగ్గా ఊడిరావడానికీ ఇదే స్టీరిక్ కలిపారు. ఆ అలవాటు నేటికీ నడుస్తోంది. కానీ ఆ మూడింట్లో సోయాకి కావలసింది ఏది? సోయా పుట్టుకతోనే తెల్లన. గ్లాసులో పోసేదాన్ని అచ్చులోంచి ఊడదీసే పనే లేదు, గ్లాసుకి అంటిపెట్టుకుని ఉండటమే కావాలి. గట్టిదనం అంటారా, సోయా నూనెలోని కొవ్వు ఆమ్లాల్లో నూటికి 85కి పైగా 18 కార్బన్ల గొలుసువే, వాటికి పూర్తిగా హైడ్రోజన్ పట్టిస్తే మిగిలేది స్టీరిక్ గొలుసే. కాకపోతే గ్లిజరిన్‌తో కట్టేసి ఉంటుంది, విడిగా ఉండదు. విడి స్టీరిక్ 2, 3 శాతం కలిపితే పైపొర కాస్త గట్టిపడే మాట నిజమే, కాదనను. కానీ దాంతో కరిగే వేడి అమాంతం పెరిగిపోతుందనుకోవద్దు. పుస్తకాల్లో స్టీరిక్ 69 డిగ్రీల దగ్గర కరుగుతుందని రాసి ఉంటుంది గానీ, మార్కెట్లో 'ట్రిపుల్ ప్రెస్డ్' అని దొరికే బిళ్లలు దాదాపు సగం పామిటిక్ అనే ఇంకో కొవ్వు ఆమ్లం కలిసినవి, 55 డిగ్రీల చుట్టూ కరుగుతాయి.

ఇంకో మాట, మనవాళ్లకి ఇది ముఖ్యం. ఇత్తడి కుందుల్లో, రాగి గిన్నెల్లో కొవ్వొత్తి పోసి ఇస్తే గిఫ్టుగా చాలా అందంగా ఉంటుంది. అందులో స్టీరిక్ కలిపారో, ఆ ఆమ్లం రాగిని పట్టుకుంటుంది, కొన్నాళ్లకి అంచుల్లో పచ్చగా చిలుము దిగుతుంది. లోహపు గిన్నెల ఆర్డరైతే స్టీరిక్ డబ్బా మూత తీయకండి.

తెల్ల మరకల విషయానికొద్దాం. రంగు వేసిన కొవ్వొత్తి మీద బూజు పట్టినట్టు, పౌడరు చల్లినట్టు కనిపించేది చెడిపోవడం కాదు. నెయ్యి నెమ్మదిగా చల్లారితే పూస కడుతుంది చూడండి, అదే వ్యవహారం. కొవ్వు అణువులు చల్లారేటప్పుడు ఒకటికి మించిన పద్ధతుల్లో పేరుకోగలవు. మొదట హడావిడిగా ఒక అమరికలో గట్టిపడి, తర్వాత తీరిగ్గా ఇంకా నిలకడైన అమరికకి మారతాయి, ఆ మారడంలో పెద్ద స్ఫటికాలు పైకి తేలి తెల్లగా కనబడతాయి. పగలు 42, తెల్లవారుజామున 28 ఉండే ఊళ్లో, ఏసీ లేని గదిలో బీరువా మీద పెట్టిన కొవ్వొత్తి రోజూ కాస్త మెత్తబడుతూ మళ్లీ బిగుస్తూ ఈ పనే చేస్తుంటుంది. దీనికి వైబార్ కలిపితే కొంత, తేనెమైనం కలిపితే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఎందుకంటే ఇది సోయా స్వభావం. రంగు వేయకుండా తెల్లగానే వదిలేస్తే మరక ఉన్నా కంటికి ఆనదు, ఇంతకంటే చవకైన మందు ఇంకోటి లేదు. ముదురు ఎరుపు, నీలం కావాలని కస్టమర్ పట్టుబడితే అది మాత్రం సోయాలో చేయకపోవడమే మేలని నా అభిప్రాయం.

గ్లాసు లోపలి వైపు అక్కడక్కడా తడి పట్టినట్టు కనిపించే మచ్చలు వేరే జబ్బు. మైనం చల్లారి కుంచించుకుపోయేటప్పుడు గాజు నుంచి విడిపోయిన చోట్లు అవి. గ్లాసుల్ని ముందు కాస్త వేడి చేసి పోస్తే తగ్గుతాయి. స్టీరిక్ కలిపితే కుంచించుకుపోవడం ఎక్కువవుతుంది కాబట్టి మచ్చలూ ఎక్కువవుతాయి. ఒక తెగులుకి వేసిన మందు ఇంకో తెగులుని ఎలా తెస్తుందో చూశారుగా.

మన జిల్లాలకి అసలు సమస్య మరకలు కాదు, చెమట. నెల్లూరులో స్టోన్‌హౌస్‌పేట లాంటి చోట ఏ గిఫ్ట్ షాపులోనైనా రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండు గంటలప్పుడు పై అరలో పెట్టిన సోయా గ్లాసుని తీసి చూడండి. పైన ఆవగింజలంత నూనె బొట్లు వరసగా నిలబడి ఉంటాయి, వత్తి మొదట్లో చిన్న మడుగులా కూడా చేరి ఉంటుంది. టిష్యూతో ఒత్తితే పోతాయి, సెంటు వాసన గుప్పుమంటుంది. సాయంత్రం చల్లబడేసరికి ఆ నూనె కొంత మళ్లీ లోపలికి ఇంకిపోతుంది, కానీ పైభాగం గతుకులు గతుకులుగా మిగిలిపోతుంది. కారణం తేలికే: గ్లాసు రకం మైనం 46 దగ్గర కరిగేదైతే, 42 డిగ్రీల్లో అందులో కరగాల్సిన మెత్తటి భాగం ఇప్పటికే కరిగిపోయి ఉంటుంది. దానికి తోడు మనం పోసిన సెంటు నూనె. గట్టి స్ఫటికాల మధ్య ఇరుక్కుని ఉండాల్సిన ద్రవం పట్టు జారి పైకి వచ్చేస్తుంది. ఎండలో ఆపిన కారులో 50 డిగ్రీలు దాటడం మామూలే కాబట్టి ఒంగోలుకి పార్శిల్ పంపితే బొట్లు కాదు, మొత్తం ద్రవమై ఒక పక్కకి ఒరిగి గడ్డకట్టి చేరుతుంది.

దీనికి మొదటి పరిష్కారం కలిపేది కాదు, తగ్గించేది. సెంటు నూనె. ప్యాకెట్ మీద పది శాతం దాకా పడుతుందని రాసి ఉంటే అందరూ పదీ పోసేస్తారు. ఎండాకాలం ఆరు శాతంతో ఆపండి. కిలో మైనానికి 60 గ్రాములు, తూకంతోనే, మిల్లీలీటర్లతో కాదు. రెండోది, గ్లాసు రకంలో అచ్చు రకం సోయాని కొంత కలపడం. ఇది పరాయి దినుసు కాదు కాబట్టి వాసననీ మంటనీ పెద్దగా చెడగొట్టదు, మొత్తం ముద్ద కరిగే వేడి మాత్రం పైకి జరుగుతుంది. మూడోది నాకు బాగా నచ్చింది, దీన్ని ఎందుకో ఎవరూ పట్టించుకోరు: తవుడు మైనం. వడ్లు ఆడించాక వచ్చే తవుడు నుంచి నూనె తీసి, ఆ నూనెని శుద్ధి చేసేటప్పుడు విడిపోయే మైనం ఇది. 77 నుంచి 82 డిగ్రీల మధ్య కరుగుతుంది. దీని గొప్పతనం కరిగే వేడిలో లేదు. ద్రవంగా ఉన్న వంటనూనెలో ఒకటి రెండు శాతం వేసి కరిగించి చల్లారిస్తే చాలు, సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలు వలలా అల్లుకుని ఆ నూనె మొత్తాన్ని కదలకుండా పట్టేస్తాయి. చెమటకి కావలసింది సరిగ్గా ఆ గుణమే. వరి పండే నెల్లూరులో కూర్చుని సోయా కొవ్వొత్తికి తవుడు మైనం తెలియకపోవడం ఏందబ్బా అనిపిస్తుంది. 2 శాతంతో మొదలుపెట్టండి. సోయా మైనం 85 డిగ్రీలకి వచ్చాక దాన్ని అందులో వేసి పలుకులేవీ కనిపించకుండా కరిగేదాకా కలపాలి, సగం కరిగితే చల్లారాక ఇసుకలా తగులుతుంది. ఎక్కువైతే మాత్రం పైన పగుళ్లిస్తుంది, వాసనని కూడా బిగబట్టేస్తుంది.

కొబ్బరినూనె గురించి ఒక్క ముక్క. చలిదేశాల్లో సోయా చల్లారేటప్పుడు పైన గుంతలు పడుతుందని, నున్నగా రావడానికి కాస్త కొబ్బరినూనె కలుపుతారు. అక్కడ అది గడ్డకట్టి ఉంటుంది. 24 డిగ్రీలు దాటితే కొబ్బరినూనె ద్రవమే, మన దగ్గర ఏడాదిలో ఎన్ని రోజులు సీసాలో గడ్డకడుతుందో మీకే తెలుసు. ఆ కిటుకు ఇక్కడ వాడటమంటే చెమట పట్టేదాని మీద ఇంకాస్త నూనె పోయడమే. నున్నటి పైభాగం కావాలంటే కొద్దిగా చల్లారాక పోయండి, గతుకులుంటే హెయిర్ డ్రయ్యర్‌తో పైపొర కరిగించి వదిలేయండి.

తేనెమైనం మంచి సరుకే. 62 నుంచి 64 డిగ్రీల్లో కరుగుతుంది, గట్టిదనం ఇస్తుంది, నెమ్మదిగా కాలుతుంది. యర్రగొండపాలెం వైపు నల్లమలలో చెంచులు తీసే తేనె తుట్టెల నుంచి వచ్చిన మైనం చేతికొస్తే అదృష్టమే. కానీ పచ్చి తుట్టెలో పుప్పొడి, జిగురు, పురుగుల అవశేషాలు అన్నీ ఉంటాయి. నీళ్లలో వేసి కరిగించి పలచటి గుడ్డలో వడకట్టి, గడ్డకట్టాక అడుగున పేరుకున్న మడ్డి గీసేసి, అవసరమైతే మళ్లీ అదే పని చేయాలి. ఆ మడ్డి కొంచెం మిగిలినా వత్తి రంధ్రాల్లో చేరి మంటని ఆర్పేస్తుంది. బజార్లో కిలోల లెక్కన చవగ్గా దొరికే పసుపు బిళ్లల్లో పారాఫిన్ కలిసి ఉండటం కొత్తేమీ కాదు. ఇంకో సంగతి, తేనెమైనానికి దాని సొంత వాసన ఉంది. మల్లె, గంధం లాంటి సెంటుతో అది పడదు. పది శాతం దాటకుండా వాడితే నయం.

వాసన తేలకపోవడం దగ్గర వచ్చే అపోహలు ఇంకో రకం. వైబార్ అనేది ఒక పాలిమర్, పారాఫిన్‌లో స్ఫటికాలని సన్నగా చేసి నూనెని పట్టి ఉంచడానికి తయారైంది. అర శాతం దాకా సరే. ఎక్కువ వేస్తే సెంటుని ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, వెలిగించినా వదలదు. వాసన కోసం కొన్నది వాసననే మింగేస్తుంది. రెండో అపోహ ఫ్లాష్ పాయింట్. సెంటు సీసా మీద 65 అని ఉంటే 65 దాటిన మైనంలో పోస్తే వాసన ఆవిరైపోతుందని భయపడతారు. ఆ అంకె వాసన ఎగిరిపోయే వేడి కాదు, దాని ఆవిరికి నిప్పు తగిలితే అంటుకునే వేడి. అది రవాణా జాగ్రత్తకీ, స్టవ్ దగ్గర జాగ్రత్తకీ పనికొచ్చే లెక్క. సోయాలో సెంటు బాగా కలవాలంటే మైనం 75, 80 డిగ్రీల్లో ఉండగా, మంట ఆపేసి, స్టవ్‌కి దూరంగా పెట్టి పోసి, రెండు నిమిషాలు నిదానంగా తిప్పాలి. చల్లబడ్డాక పోస్తే నూనె విడిగా ఉండిపోయి చెమటకి అదే మొదలవుతుంది. మూడో సంగతి, పెద్దబజారులో అగరబత్తీల కోసం దొరికే సెంట్లు. చవక, వాసన ఘాటు, అందుకే అందరి చెయ్యీ అటే పోతుంది. అవి చాలావరకు డీఈపీ లాంటి పలచన చేసే ద్రవంలో కలిపినవి, బత్తీలు ముంచడానికి పనికొస్తాయి. కొవ్వొత్తిలో ఆ ద్రవమంతా వత్తి మోయాల్సిన బరువు. ఒంటికి కొట్టుకునే స్ప్రే సెంట్లలో అయితే ఆల్కహాల్ ఉంటుంది, వాటి జోలికే పోవద్దు.

పూజ గది సరుకుల దగ్గర మాత్రం నేను మొహమాటపడను. కర్పూరం పొడి చేసి మైనంలో కలిపితే దోమలు పోతాయని, వాసన బాగుంటుందని కొందరు చెబుతారు. కర్పూరం గట్టిపదార్థం నుంచి నేరుగా ఆవిరయ్యే రకం, పైగా తేలిగ్గా అంటుకుంటుంది. గ్లాసులో కరిగిన మైనం మీద ఆ ఆవిరి నిలిచి ఉంటే మంట ఒక్కసారిగా పైకి లేస్తుంది, గాజు పగిలే ప్రమాదం ఉంది. పసుపు, కుంకుమ, గంధం పొడి రంగు కోసం వేసేవాళ్లున్నారు. అవి మైనంలో కరగవు, అడుగుకి దిగుతాయి, వత్తిలోకి ఎక్కి దారి మూసేస్తాయి. పిల్లల క్రేయాన్లూ అంతే, మెరుపుల పొడీ అంతే. కొవ్వొత్తుల కోసం అమ్మే నూనెలో కరిగే రంగు తప్ప ఇంకేదీ పనికిరాదు. ఎండిన గులాబీ రేకులు పైన చల్లితే ఫొటోకి బ్రహ్మాండంగా ఉంటుంది, వెలిగించాక అవి రెండో వత్తి, మూడో వత్తి అవుతాయి. నెయ్యి కలపడం గురించి వేరే చెప్పక్కర్లేదు, కొన్నాళ్లకి ముక్కవాసన కొడుతుంది.

యూవీ పౌడరు షాపు అద్దాల్లో ట్యూబులైట్ల కింద, ఎండ తగిలే చోట పెట్టేవాళ్లకి అవసరం, చాలా కొద్దిగా, అర శాతం లోపు. అట్టపెట్టెలో ఉండే సరుకుకి దండగ. వెనీలా సెంటు వేసిన కొవ్వొత్తి గోధుమరంగుకి తిరగడం మాత్రం వెలుతురు ఒక్కదాని వల్లే కాదు, వెనీలా వాసననిచ్చే వెనిలిన్ గుణమే అంత. దాన్ని ఆపాలని చూడకుండా మొదటే కాఫీరంగు వేసి కాఫీ వాసనతో అమ్మేయండి.

ఇంతకీ అందరూ మర్చిపోయేది వత్తి. పైన చెప్పిన గట్టి సరుకుల్లో ఏది కలిపినా, స్టీరిక్ గానీ తేనెమైనం గానీ తవుడు మైనం గానీ, మైనం కరగడానికి ఎక్కువ వేడి కావాలి. పాత వత్తి ఆ వేడి ఇవ్వలేక నడుమ బావిలా దిగిపోతుంది, చుట్టూ మైనం గోడలా మిగిలిపోతుంది. అప్పుడు వాసన రావట్లేదని ఇంకేదో కలుపుతారు. కలపాల్సింది కాదు, వత్తి ఒక సైజు పెంచాలి. వాసన అనేది కరిగిన మడుగులోంచి వచ్చేది, మడుగు చిన్నదైతే సెంటు ఎంత పోసినా లోపలే ఉంటుంది. ఇంట్లో చేసిన దూది వత్తి ప్రమిదకి సరిపోతుంది గానీ ఇక్కడ కుదరదు, ఎందుకంటే కొవ్వొత్తి వత్తి జడలా అల్లినది, కాలేకొద్దీ కొస వంగి మంట అంచుకి చేరి బూడిదైపోవడానికి అలా అల్లుతారు. దూది వత్తి నిటారుగా నిలబడి పైన బొగ్గు ముద్ద కట్టి పొగ వదులుతుంది. సోయా అంటే పొగే రాదని ప్యాకెట్ల మీద రాసుకుంటారు, వత్తి పెద్దదైనా పొడుగైనా ఏ మైనమైనా మసి పడుతుంది.

పరీక్ష చేయదలచుకుంటే ఒక పద్ధతి. నగల తూకానికి వాడే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనండి, వంటింటి కాటా మీద ఒకటి రెండు గ్రాముల తేడా నమ్మకంగా తెలియకపోవచ్చు. ఒకే రకం గ్లాసులు నాలుగు తీసుకుని, ఒకదాంట్లో ఏమీ కలపకుండా, మిగతా మూడింట్లో ఒక్కోదాంట్లో ఒక్క మార్పే చేసి, అడుగున టేపు అంటించి మార్కర్‌తో రాసుకోండి. రెండు మార్పులు ఒకే గ్లాసులో చేస్తే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి. సోయా స్ఫటికాలు స్థిరపడటానికి వారం పది రోజులు పడుతుంది, మర్నాడే వెలిగించి తీర్పు చెప్పొద్దు. తర్వాత మధ్యాహ్నం మేడ మీద గదిలోనో, స్కూటీ డిక్కీలోనో రెండు గంటలు ఉంచి బొట్లు చూడండి. ఆ తర్వాతే వెలిగించండి, గ్లాసు వ్యాసం రెండున్నర అంగుళాలైతే మడుగు అంచుకి చేరడానికి దాదాపు రెండున్నర గంటలు పట్టాలి. ముందే చేరితే వత్తి పెద్దది, ఎప్పటికీ చేరకపోతే చిన్నది. ఏమీ కలపని గ్లాసే బాగా కాలితే లిస్టు చింపేసి ఆ డబ్బుతో మంచి వత్తులు కొనుక్కోండి. ఏప్రిల్, మే నెలల్లో పార్శిళ్లు మాత్రం రాత్రి బస్సుకే వేయండి, అవతలివాళ్లకి ముందే ఫోన్ చేసి పొద్దున్నే తీసుకోమని చెప్పండి, ఎందుకంటే మధ్యాహ్నం దాకా రేకుల షెడ్డులో పడి ఉంటే తవుడు మైనం కలిపినా ఆగదు.